చల్లగా ఉందా?

మొన్న మద్దిలపాలెంలో రక్తపరీక్షకి చెయ్యి చాపితే స్పిరిట్ వాసన తగిలింది. ఎనిమిదేళ్లప్పుడు నాకు జరిగిన తుంటి ఆపరేషన్ గుర్తొచ్చింది.

ఆపరేషన్ అయ్యాక నొప్పి తెలియకుండా వీపులో సన్నని గొట్టం పెట్టి మందు ఎక్కించారు. రమణమ్మ అనే నర్సు గంటగంటకీ వచ్చి, స్పిరిట్ దూదిని నా కాళ్ల మీద, పొట్ట మీద, ఛాతీ మీద ఆనించి, "సల్లగుందేటమ్మా?" అని అడిగేది. బడిలో లాగా ఇదీ ఒక పరీక్షేననుకున్నాను. "ఉంది" అంటే పాసై తొందరగా ఇంటికెళ్లిపోవచ్చని నా లెక్క. మధ్యాహ్నానికి ఛాతీ దాకా దూది తగిలినట్టే తెలియడం లేదు. అయినా ఉందనే చెప్పాను.

ఆవిడకి అనుమానమొచ్చి నన్ను కళ్లు మూసుకోమంది.

"ఇప్పుడో?"

"చల్లగా ఉందండీ."

"నానింకా దూది పెట్టనేదు కదే!"

ఫెయిలయ్యానని ఏడ్చాను. ఆవిడ వెంటనే మందు ఆపి, డాక్టరుని పిలిపించి, నా తల నిమిరింది.

"పాసూ ఫెయిలూ ఏటి బుజ్జీ? మందు ఎక్కువైతే తిమ్మిరి పైకెక్కి ఊపిరికి అడ్డమొస్తాది. నువ్వు సెప్తేనే కదా నాకు తెలిసేది."

డాక్టరు వచ్చి మందు తగ్గించి మళ్లీ పెట్టారు. సాయంత్రానికి తిమ్మిరి దిగి కాలి బొటనవేలు కదిలింది.

"నొప్పెడతందమ్మా" అన్నాను. మంచం పక్కనే కూర్చున్న మా అమ్మ కళ్లు తుడుచుకుని నవ్వింది. నొప్పంటే నవ్వుతుందేమిటని అలిగి గోడవైపు తల తిప్పుకున్నాను.

ఇప్పుడు డాక్టర్లు ఏమడిగినా ఉన్నదున్నట్టు చెబుతాను. తెలియకపోతే, తెలియడం లేదంటాను.