ఫ్రీజర్‌లో దాచిన నెత్తురు

మా యూనివర్సిటీలో భారతీయ సంతతి పిల్లలే ఎక్కువ. రబ్బరు తోటల్లో పాలు తీసిన కూలీల మనవలు, మనవరాళ్ళు. వాళ్ళకు ఆరోగ్య పరిశోధన నేర్పడానికి నన్ను శ్రీకాకుళం నుంచి కౌలాలంపూర్ రప్పించారు. వచ్చి చూస్తే పరిశోధన విభాగమంటే ఖాళీ గది, తలుపు మీద బోర్డు. కాళ్ళరిగేలా తిరిగితే ఇంకో శాఖవాళ్ళు మూల పడేసిన పాత ఫ్రీజర్ ఒకటి దక్కింది. కరెంటు పోతే ఆదుకోవడానికి జనరేటర్ అడిగాను. వచ్చే బడ్జెట్‌లో చూద్దామన్నారు. అడిగిన ప్రతిసారీ అదే మాట.

మా మొదటి పని సుంగై సిపుట్ అనే తోటల ఊళ్ళో. అక్కడి తెలుగు కుటుంబాల్లో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో చూడాలి. మా ఊరివైపు ఆ జబ్బుతో పోయినవాళ్ళను చూస్తూ పెరిగినదాన్ని, నాకది ఉద్యోగం మాత్రమే కాదు. కానీ నెత్తురివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి వాచిన కాళ్ళీడ్చుకుంటూ ఒక పెద్దాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

“బయమేటి? మన తెలుగు పిల్లే లా. తియ్యమ్మా,” అన్నాడు నాతో, ఇక్కడి అలవాటు చొప్పున మాటకి ‘లా’ తగిలిస్తూ.

నాతో వచ్చిన విద్యార్థిని సూది గుచ్చడానికి జంకుతుంటే తమిళంలో ఏదో అని నవ్వించాడు. నిండిన గొట్టం కేసి చూసి, “జాగర్తగా దాసండి. నాను పోయినా మా పిల్లకి పనికొస్తాది,” అన్నాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ వరసకట్టారు. ఆ రోజు నేను ఎంత మురిసిపోయానో!

దీపావళి సెలవుల్లో మా భవనానికి కరెంటు పోయింది. తిరిగొచ్చి తలుపు తీస్తే గుప్పున కంపు. గొట్టాల్లోని నెత్తురంతా కరిగి పాడైపోయింది. విద్యార్థిని నేల మీద కూలబడి ఏడ్చింది. నేను ఆఫీసుకు వెళ్ళి గొంతు చించుకున్నాను. జనరేటర్ వెంటనే వచ్చింది. ఆ మర్యాదేదో ముందే చేసి ఉంటే వాళ్ళ సొమ్మేం పోయేది?

జరిగింది చెప్పి, మళ్ళీ నెత్తురడగడానికి ఇద్దరం సుంగై సిపుట్ వెళ్ళాం. పెద్దాయన ఇంట్లో కూతురు ఒక్కతే ఉంది. ఆయన పోయాడట. ఆమె కాళ్ళూ వాచి ఉన్నాయి.

“నాన్నకీ ఇలాగే మొదలైనాది టీచర్,” అంటూ టీ ఇచ్చింది. “బూడిద ఏటిలో కలిపేసినాము. మీకాడున్న నెత్తురొకటే మిగిలినాది లా. ఒకపాలి వచ్చి సూడొచ్చా?”

టీ గ్లాసు కింద పెట్టేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె తిడితే బాగుండుననిపించింది.

“ఐతే నాన్న ఇప్పుడు పోయినాడు,” అంది.

ఆమెకు పరీక్ష చెయ్యడం ఎంత అవసరమో ఆ కాళ్ళు చూస్తే తెలుస్తోంది. విద్యార్థిని మెల్లగా సూదుల సంచి తెరిచింది. కూతురు రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.