పాట రాసినవాడే పాడిన సాయంత్రం

ఒక గిటారిస్టు కోసం విశాఖ నుంచి సింగపూర్ వెళ్తున్నానంటే నేను పనిచేసే కాలేజీలో ఎవరూ నమ్మలేదు. పాడేవాడి కోసం వెళ్తారు గానీ, పక్కన తలవంచుకుని వాయించేవాడి కోసం వెళ్తారా అన్నారు. ఆ బ్యాండ్ పేరు ఇక్కడ రాయను. రాస్తే మీకూ గాయకుడి ముఖమే గుర్తొస్తుంది. ఈయన ఇంగ్లండులో ఒక సముద్రతీరపు ఊళ్ళో పెళ్ళిళ్ళకి వాయిస్తూ మొదలుపెట్టాడు. బ్యాండ్‌కి పేరు తెచ్చిన పాటలన్నీ ఈయనే రాశాడు, ఒక్కటీ పాడలేదు. బ్యాండ్ విడిపోయాక ప్రకటనలకి బాణీలు కట్టాడు, వేరే గాయకులకి పాటలిచ్చాడు, కొన్నాళ్ళు బడిలో గిటార్ నేర్పాడు. అరవై దాటాక ఇప్పుడు చిన్న చిన్న హాళ్ళలో తన పాటలు తానే పాడుతూ తిరుగుతున్నాడు. సింగపూర్ కచేరీ సంగతి చూడగానే టికెట్ కొనేశాను. కొన్న మరుక్షణమే భయం పట్టుకుంది. ఆయన పాటల్లో ఒకటి, నెమ్మదిగా సాగే వీడ్కోలు పాట, హాస్టల్ రోజుల నుంచీ నాది. నాన్న పోయిన ఏడాది దాన్ని పట్టుకునే గడిపాను. ఆయన గొంతు బాగోకపోతే? ఒక్క సాయంత్రంతో ఆ పాట నాకు లేకుండా పోతే?

విశాఖ నుంచి నేరుగా విమానం ఉంది, నాలుగు గంటల ప్రయాణం. సింగపూర్ పడమటి కొసన, బూన్ లేలో మా చెల్లెలి ఫ్లాట్‌లో దిగాను. “గిటారిస్ట్ కోసమా పెద్దమ్మా? నాట్ ఈవెన్ ద సింగర్? సో రాండమ్ లా!” అంది దాని కూతురు, ఫోన్లోంచి తలెత్తకుండా. కచేరీ పాయా లేబర్ దగ్గర, ఏడున్నరకి. నేను నాలుగింటికే బయలుదేరాను. రైలు మారక్కర్లేదు, పచ్చ లైన్‌లో ముప్పావుగంట పైచిలుకు. గేటు దగ్గర మన బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, రెండు డాలర్ల చిల్లర పడుతుంది.

హాలు పక్కనే హాకర్ సెంటర్ ఉంది. చుట్టూ వరసగా చిన్న చిన్న వంటకొట్లు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. అంత జనంలోనూ ఒక బల్ల ఖాళీగా కనిపించింది. దాని మీద ఎవరో మర్చిపోయిన టిష్యూ ప్యాకెట్. అదృష్టమనుకుని కూర్చుని, ప్యాకెట్ చింపి బల్లంతా శుభ్రంగా తుడిచాను. తుడుస్తూనే చెల్లికి ఫోన్ చేసి “భలే చోటు దొరికిందే” అంటున్నాను. తలెత్తితే ఎదురుగా నూడుల్స్ పళ్ళెంతో ఒకావిడ. అరవై పైబడిన మనిషి, నల్ల టీషర్టు మీద ఆ బ్యాండ్ గాయకుడి ముఖం.

“దొరకలేదమ్మా, నాది లాక్కున్నావు,” అంది తెలుగులోనే, కాస్త తమిళ యాసతో. “టిష్యూ పెడితే ఛోప్. ఈ బల్ల నాదని అర్థం. నువ్వు నా ఛోప్‌నే చింపి తుడిచేశావు!”

సిగ్గుతో లేవబోయాను. భుజం పట్టి కూర్చోబెట్టింది. “కూర్చో కూర్చో. మకాన్ అయిందా, ఏమైనా తిన్నావా? లేదా? పో, ఆ మూల కొట్లో నూడుల్స్ తెచ్చుకో. ఈసారి నీ చోటు నేను కాస్తా.”

ఆవిడ పేరు సరస్వతి. మలేసియాలో పుట్టి, పని కోసం ఇటొచ్చి, ఆంగ్ మో కియోలో స్థిరపడిన తెలుగావిడ. ఆవిడ వచ్చిందీ ఇదే కచేరీకి. నేను గిటారిస్టు కోసం వచ్చానని చెప్పాను.

“అయ్యో పాపం! ఎవరో ఒకరు రావాలి కదా,” అని నవ్వింది. “గొంతున్నవాడు లేకుండా ఆ పాటలు దేనికమ్మా? వీడెంత చెడగొడతాడో చూద్దామని వచ్చా.”

“నా భయమూ అదే ఆంటీ.”

“మరి టికెట్ ఎందుకు కొన్నావు?”

నూడుల్స్ ముగించి ఇద్దరం కలిసి హాలుకి నడిచాం.

హాలు చిన్నది, అందరూ నిలబడే చూడాలి. ఆయన గిటార్ తగిలించుకుని వచ్చాడు, వెనక డ్రమ్స్ ఒకరు, బేస్ ఒకరు. మొదటి పాటకే తెలిసిపోయింది, గొంతు పీల. పై స్థాయి వచ్చినచోటల్లా కిందికి దించి పాడుతున్నాడు. ఆంటీ మోచేత్తో పొడిచింది: “చెప్పానా?” కానీ ఆ వేళ్ళు! వీడియోల్లో కెమెరా ఎప్పుడూ గాయకుడి మీదే ఉండేది కాబట్టి, ఆ వేళ్ళని పూర్తిగా చూడడం నాకిదే మొదటిసారి.

నా పాట వంతు వచ్చింది. ఆయన మైకు సర్దుకుని, దీన్ని నేను నెమ్మది పాటగా రాయలేదు అన్నాడు. స్టేషన్లో ఎవరినో సాగనంపడం గురించి కాదట, వస్తున్న మనిషి కోసం ప్లాట్‌ఫాం మీద పరిగెత్తడం గురించట. గాయకుడి గొంతుకి ఏడుపు నప్పుతుందని రికార్డు చేసినవాళ్ళు వేగం సగానికి దించి, నాలుగు మాటలు మార్చేశారట. ఇవాళ దాని వేగంతో దాన్ని వాయిస్తానన్నాడు.

వద్దని అరవాలనిపించింది. ఈలోపే డ్రమ్స్ మొదలయ్యాయి. నాకు తెలిసిన ప్రతి స్వరమూ అక్కడే ఉంది, కానీ అన్నీ పరిగెడుతున్నాయి. మొదటి చరణమంతా కొయ్యలా నిలబడ్డాను. ఇది నా పాట కాదు. రెండో చరణంలో ఆయన ఊపిరందక ఒక లైను వదిలేసి నవ్వేశాడు. ఆ ఖాళీలోకి గిటార్ ఒక్కటే దూకింది. నేనూ దూకాను. నలభై ఆరేళ్ళదాన్ని, మోకాలికి బెల్టు కట్టుకున్నదాన్ని, గెంతుతున్నాను! పక్కకి చూస్తే టీషర్టు మీద గాయకుడి ముఖం కూడా పైకీ కిందికీ ఎగురుతోంది.

“వీడు ముందే పాడుండొచ్చు కదమ్మా!” ఆయాసపడుతూ అరిచింది ఆంటీ. “ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నాడు?”

తిరుగు రైల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాత రికార్డు మొదలెట్టబోయి ఆగిపోయాను. నాన్న పోయిన ఏడాది ఎవరైనా నాకు ఈ పరుగు పాట ఇచ్చివుంటే విసిరికొట్టేదాన్ని. అప్పుడు నాకు కావలసింది ఆ నెమ్మదే, అది ఎవరు ఎందుకు దించిన వేగమైనా సరే. ఇప్పుడు రెండూ నావేనా, లేక పాతది పోయిందా అన్నది ఇంకా తేల్చుకోలేదు. పోయిందనే అనుకున్నా, నష్టపోయినట్టు మాత్రం లేదు. ఇలాంటి కచేరీకి వెళ్ళేవారికి ఒక్క మాట: బయలుదేరే ముందు రోజు, మీకు ప్రాణమైన రికార్డుని ఒకసారి తీరిగ్గా కూర్చుని వినేయండి. తిరిగొచ్చాక అది మళ్ళీ అలాగే వినిపించకపోవచ్చు. నేను సామాన్లు సర్దుకునే హడావుడిలో వినలేదు.