దిగుడు లేని దారి

నా చిన్నప్పుడు, అంటే మరీ రాజుల కాలమేమీ కాదు, నాకు పన్నెండేళ్ళప్పుడు, మేము తిరుపతిలో కొండ కింద ఉండేవాళ్ళం. మా వీధి పిల్లలకు సైకిలు విషయంలో ఒక న్యాయం తెలుసు. అలిపిరి వైపు ఆయాసపడుతూ ఎక్కినవాడు, వచ్చేటప్పుడు పెడలు తొక్కకుండా ఇంటిదాకా జారిపోవచ్చు. కష్టపడితే దిగుడు దొరికి తీరుతుందని నేను దేవుణ్ణి నమ్మినంత గట్టిగా నమ్మేవాణ్ణి.

ఆ వేసవికి మా మేనమామ ఇంటికి పోయాను. నాయుడుపేటకు అవతల, పులికాట్ దగ్గర, ఉప్పునీటి కాలువ గట్టున ఊరు. నేలంతా పలకలా చదును. మేడ ఎక్కితే తప్ప ఎత్తనేది దొరకదు. ఇలాంటి చోట సైకిలు తొక్కడం కూడా ఒక పనేనా అని భోజనాల దగ్గర అందరూ వినేలా అన్నాను. మామ కూతురు నాకంటే ఏడాది పెద్ద. వరసకు వదిన, తీరుకు హెడ్మాస్టరు. ఆమె చేపముల్లు తీసుకుంటూ ఉండిపోయింది.

మామ విన్నాడు. వరండాలో కొత్త గేర్ల సైకిలొకటి, కవరు కూడా విప్పకుండా ఉంది. తెల్లారి ఇద్దరం పాత సైకిళ్ళ మీద గట్టు వెంట ఉత్తరంగా లాకుల దాకా పోయి రావాలన్నాడు. ముందు ఇల్లు చేరినవాళ్ళకు కొత్తది. రాత్రికి రాత్రే దానికి మనసులో పేరు కూడా పెట్టేశాను.

పొద్దున నా సైకిలు తనంతట తానే పరిగెత్తింది. రొయ్యల గుంటలు, కొంగలు, కట్టేసిన పడవలు వెనక్కి పోతూనే ఉన్నాయి. మోపెడ్ మీద మా వెంట వస్తున్న మామ పక్కకొచ్చి, నా కాళ్ళలో ఏదో మహిమ ఉందని మెచ్చుకున్నాడు. నేను చేతులు వదిలి తొక్కాను. వెనకబడిన వదిన కోసం ఆగి ఈల కూడా వేశాను. లాకుల దగ్గర ఆమె వచ్చేలోపు, అత్త ఇద్దరికని కట్టిచ్చిన పులిహోరంతా నేనే తినేశాను.

సైకిలు దక్షిణానికి తిప్పగానే ఎవరో రొమ్ము మీద చెయ్యి పెట్టి ఆపినట్టయింది. ఆ తీరాన వేసవంతా దక్షిణపు గాలే. పొద్దున్నుంచీ నన్ను నెట్టింది అదే. కవులు దాన్ని మలయమారుతం అంటారు. వాళ్ళెవరూ దానికి ఎదురుగా సైకిలు తొక్కినట్టు లేరు.

వదిన తల హ్యాండిల్ మీదికి వంచి, ఒకే తీరున తొక్కుతూ నన్ను దాటింది. ఆమె వెనక నక్కితే గాలి తగ్గింది. బతికాననుకున్నాను. ఆమె వెనక్కి చూసి, గట్టు అవతలి అంచుకు జరిగింది.

"నా ఈపెనక దూరేదానికి సిగ్గుగా లేదా? పొద్దన ఈలేసినావే, ఇప్పుడెయ్యి."

నోరు తడారిపోయింది, ఈల రాలేదు. ఆమె సాగిపోయింది. చదును నేలలో ఇంకో దుర్మార్గం ఉంది. గెలిచేవాళ్ళు ఎంత దూరం పోయినా ఓడేవాడికి కనిపిస్తూనే ఉంటారు.

నేను మాత్రం దిగుడు కోసం చూస్తున్నాను. ఇంత తొక్కాక ఎక్కడో ఒకచోట రావాలి కదా.

"మామా, దిగుడు యాడొస్తాది?"

మామ మోపెడ్ ఆపి, వేరుశెనక్కాయ ఒలుచుకుంటూ నన్ను చూశాడు.

"దిగుడా? అది మీ ఊర్లో అల్లుడూ. ఈడ గాలి ఆగేదాకా తొక్కాల్సిందే."

"ఎప్పుడాగతాది?"

"ఎండాకాలం పోయినాక."

ఏడ్చాను. గాలికి కన్నీళ్ళు చెవుల్లోకి పోయాయి. నీళ్ళు అడిగితే మామ ఇచ్చాడు, జాలి మాత్రం తెచ్చినట్టు లేదు. మోపెడ్ ఎక్కమనలేదు. నేను సైకిలు నెట్టుకుంటూ నడిచాను, ఆయన నా నడకకు తగ్గట్టు వెనకే వచ్చాడు.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరేసరికి వదిన తలకు పోసుకుని, కొత్త సైకిలు మీద కూర్చుని ఉంది. సీటు ఆమె కాళ్ళకు అచ్చంగా సరిపోయింది. అది ఆమె స్కూలుకని పోయిన వారమే తెచ్చిందని, సీటు అంగడిలోనే సరిపెట్టించారని అత్త చెప్పింది. నేను మామ వైపు చూశాను.

"నువ్వు గెల్చేది లేదని తెలుసు కదబ్బా. అందుకే పందెం కట్టినా" అన్నాడాయన. అందరూ కడుపారా నవ్వారు. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. నా వంతు చేప ముక్క కూడా వదినే తినింది.

మామ మీద కోపం ఎప్పుడో పోయింది. ఆయన చేసింది మంచిపని అని మాత్రం ఇప్పటికీ అనలేను. కానీ ఉద్యోగంలో పని అవలీలగా సాగిపోతూ, పక్కనున్నవాళ్ళు నీ అంతవాడు లేడంటుంటే, నాకు వెంటనే సంతోషం రాదు. ఒక్క క్షణం ఆగి, వీపుకు గాలేమైనా తగులుతోందా అని చూసుకుంటాను. చాలాసార్లు తగులుతూనే ఉంటుంది.