రాణి రూపాయి నెత్తిన రింగు

నా చిన్నప్పుడు మా వీధి పిల్లలంతా అగ్గిపెట్టెల మీది బొమ్మలు పోగేసుకుంటుంటే, నేను మాత్రం రాజుల్ని పోగేయాలని బయల్దేరాను. అగ్గిపెట్టె బొమ్మలు వీధిలో వంగితే దొరుకుతాయి. రాజులు అలా కాదు. రాజ్యం పోయినా వాళ్ల బెట్టు పోలేదు.

ఈ పిచ్చి నాకు అంటించింది మా పక్కింటి మాస్టారు. డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆదివారం చర్చి నుంచి రాగానే వరండాలో పడక్కుర్చీ వాల్చుకుని, ఒక చెక్కపెట్టె ఒళ్లో పెట్టుకుని, తెల్లదొరల నాటి వెండి రూపాయలు భూతద్దంలో చూసుకునేవారు. ఒకరోజు గోడ మీంచి తొంగిచూస్తున్న నన్ను పిలిచి, ఆ అద్దం చేతికిచ్చి, ఏం కనబడుతోందో చెప్పమన్నారు. రాణీగారి రవిక మీద కుట్టుపూలు కనబడ్డాయి నాకు. గోరంత చోటులో అన్ని పూలు. అంతే, ఆ పూలలో చిక్కుకున్నదాన్ని మళ్లీ బయటపడలేదు.

మాస్టారి దగ్గర నియమాలు గట్టివి. నాణేనికి చిల్లు ఉండకూడదు, అతుకు ఉండకూడదు, చుట్టూ ఉన్న అక్షరాలు చదవడానికి రావాలి. మొత్తం నలుగురు కావాలి: రాణి, ఆవిడ కొడుకు, ఆ కొడుకు కొడుకు, మళ్లీ ఆయన కొడుకు. నలుగురినీ నిలబెట్టడానికి ఆయనే స్వయంగా టేకుచెక్క మీద నాలుగు గుండ్రటి గుంటలు తొలిచి, ఎర్రగుడ్డ అంటించి, మూత బిగించి ఒక చిన్న పెట్టె చేశారు. నలుగురూ లక్షణంగా వచ్చి ఆ గుంటల్లో కూర్చున్న రోజున పెట్టె నాదని మాటిచ్చారు. ఆ పెట్టె నాకెంత కావాలంటే, మా ఇంట్లో దాన్ని పెట్టే చోటు కూడా ముందే తుడిచి ఉంచుకున్నాను.

వేట మొదలయ్యాక తెలిసింది, మన ఇళ్లలో రూపాయిని రూపాయిగా ఎవరూ ఉండనివ్వరని. కశింకోటలో మా మావయ్య ఎంతో ప్రేమగా పెట్టె అడుగునుంచి తీసిచ్చిన రాజుగారికి సరిగ్గా చెవి దగ్గర చిల్లు. పిల్లాడి మొలతాడుకి కట్టడానికి ఎవరో మేకు దింపారు. బట్టతల రాజు, కిరీటమైనా లేదు, చెవులు మాత్రం కుట్టించేశారు. మా నాన్నగారి బెల్లం కొట్టులో గల్లాపెట్టె దగ్గర పూజించే రూపాయికి ఏళ్ల తరబడి పెట్టిన కుంకుమ గట్టిపడి రాజెవరో ఆనవాలే లేదు. మా అత్త మెడలో దండకి గుచ్చినవి చాలానే ఉన్నాయిగానీ, అత్తని కూడా పెట్టెలో పెట్టలేం కదా. తీసుకెళ్లిన ప్రతిదాన్నీ మాస్టారు భూతద్దంలో చూసి, తల అడ్డంగా ఊపి, నా చేతిలో పెట్టేసేవారు. పరీక్ష నేను రాస్తే రాజులు తప్పుతున్నట్టు ఉండేది నాకు. ఏడాది పైగా ఇలా కాళ్లరిగేలా తిరిగాక ముగ్గురు దొరికారు. రాణి గుంట ఒక్కటీ ఖాళీ. మా వైపు ఆడపిల్లని కూడా గుంట అనే అంటారు. పెట్టెలో ఆ గుంట, ఇంట్లో ఈ గుంట, ఇద్దరం నోరు తెరుచుకుని రాణి కోసం ఎదురుచూశాం.

నిజానికి రాణి మా ఇంట్లోనే ఉంది. మా మామ్మ పసుపు డబ్బాలో. అత్తారింటికి పంపేటప్పుడు వాళ్లమ్మ చేతిలో పెట్టిన రూపాయి అది. దండలో వేసుకోవడానికి రింగు అతికిస్తానని కంసాలి అడిగితే కొత్త పెళ్లికూతురై ఉండి కూడా గట్టిగా వద్దందట. అందుకే దానికి చిల్లు లేదు, అతుకు లేదు. రవిక మీద పువ్వు పువ్వుకీ రేకులు లెక్కపెట్టవచ్చు.

అయితే మా వీధిలో ఒక ఆచారం ఉండేది. పురుడు రోజున, అంటే పుట్టిన కొన్నాళ్లకి చేయించే శుద్ధిస్నానం రోజున, బిడ్డకి పోసే గోరువెచ్చటి నీళ్లలో వెండి రూపాయి వేయాలి. బిడ్డ వెండిలా చల్లగా బతకాలని. చిల్లున్న రూపాయి పనికిరాదు, అదృష్టం అందులోంచి కారిపోతుంది. రాజులూ పనికిరారు, పురుటికి రాణే రావాలి. మాస్టారి నియమాలూ మంత్రసాని నియమాలూ ఇలా ఒక్కచోట కలిసి నా ప్రాణం తీశాయి. మాస్టారి పెట్టెలోవి గడప దాటవు కాబట్టి, వీధి మొత్తానికి చిల్లులేని రాణి రూపాయి మా మామ్మదే. నేను పసుపు డబ్బా మూత తీసిన ప్రతిసారీ అది ఎవరింటికో వెళ్లి ఉండేది. బజారులో చెల్లని రూపాయి, మా వీధిలో అంత చెల్లుబడి. మా వీధివాళ్లు పిల్లల్ని కనడం ఎప్పుడు ఆపుతారని ఒకసారి అన్నం తింటూ అడిగి, అమ్మ చేత మొట్టికాయ తిన్నాను.

నా గొడవ పడలేక ఒక గురువారం మామ్మ ఆ రూపాయి కడిగి, తన కొంగుతోనే తుడిచి, నా చేతిలో పెట్టింది.

“ఇదిగో, ఇకనుంచి ఇది నీదే. నాకేటీ సంబంధం లేదు. ఎవరైనా వచ్చి అడిగేరనుకో, నిన్నే అడుగుతారు. ఇత్తావో మానత్తావో నువ్వే సెప్పుకో.”

నేను ఎగిరి గంతేశాను. అది వరం కాదు, వల అని ఆ వయసులో నాకేం తెలుసు? గోడ మీంచే మాస్టారికి కబురు చెప్పేశాను. ఆదివారం చర్చి అయ్యాక పెట్టె పట్టుకొస్తానన్నారాయన.

మర్నాడే పూడిమడక పిన్ని వచ్చింది. ఆవిడ మాకు చుట్టం కాదు. సముద్రం ఒడ్డునున్న పూడిమడక నుంచి చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని బస్సులో వచ్చి మా వీధుల్లో అమ్మేది. నేను పుట్టకముందు నుంచీ వస్తోంది కాబట్టి పిన్ని. ఆ రోజు బుట్ట లేదు. అరుగు మీద కూర్చుని మామ్మతో ఏదో మెల్లగా చెప్పుకుంది. మామ్మ నన్ను పిలిచి, తను లోపలికి వెళ్లిపోయింది.

పిన్ని లేచి నిలబడింది. పదేళ్ల పిల్ల ముందు అంత పెద్ద మనిషి లేచి నిలబడటం నేనదే మొదటిసారి చూడటం. వాళ్లమ్మాయికి తొలిచూలు బిడ్డ దక్కలేదట. ఇప్పుడు మళ్లీ ఆడపిల్ల పుట్టింది. మర్నాడు తెల్లారితే పురుడు. రూపాయి ఇమ్మని అడిగింది. నేను ఆదివారం మాస్టారు వస్తారనీ, పెట్టె తెస్తారనీ, నలుగురు రాజులనీ ఏవేవో చెప్పాను. ఆవిడకి ఒక్క ముక్క అర్థమై ఉండదు. అన్నీ ఓపిగ్గా విని, “నువ్వు ఇవ్వనంటే ఎల్లిపోతానమ్మా. ఇత్తే మాత్రం ఆదివారం పొద్దున్నకల్లా నీ సేతిలో ఎట్టేత్తాను,” అంది.

లేదు అనే మాట నోటిదాకా వచ్చింది. అదే మామ్మ చెప్పాల్సి ఉంటే నాకెంత సుఖంగా ఉండేదో. మామ్మ మీద పడి ఏడ్చేసి, పిన్ని వైపు జాలిగా చూసి, రూపాయి నా దగ్గరే ఉంచుకునేదాన్ని. ఇప్పుడు ఆ మాట నా నాలుకతోనే అనాలి, ఆవిడ మొహంలోకి చూసి అనాలి. ఆ పని నా వల్ల కాలేదు. దయతో ఇచ్చానని చెప్పుకోను. కోపంతోనే ఇచ్చాను. ఆవిడ దాన్ని కళ్లకద్దుకుని చీర కుచ్చెళ్ల దగ్గర ముడేసుకుని బస్సుకి వెళ్లిపోయింది.

ఆదివారం నేను తెల్లారకుండానే అరుగెక్కాను. పొద్దెక్కింది, పిన్ని రాలేదు. చర్చి గంటలు మోగాయి, రాలేదు. మాస్టారు తెల్ల పంచెతో, చంకలో పెట్టెతో వచ్చి కూర్చున్నారు. కాఫీ తాగారు. ముగ్గురు రాజుల్ని వాళ్ల వాళ్ల గుంటల్లో పెట్టారు. నాలుగో గుంట ఎర్రగా నన్నే చూస్తోంది. మాస్టారు మర్యాద కొద్దీ బెల్లం ధర గురించి మా నాన్నగారిని అడుగుతున్నారు. మాటకొకసారి గోడ గడియారం వైపు కూడా చూస్తున్నారు. నాకు ఏడుపు, కోపం, సిగ్గు మూడూ ఒకేసారి వస్తున్నాయి. ఏది ముందు పంపాలో తెలియక అన్నిటినీ గొంతులోనే ఆపి కూర్చున్నాను.

ఎండ నడినెత్తికి వచ్చేవేళకి పిన్ని వచ్చింది. చెమటతో తడిసిపోయింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ మొహం వెలిగిపోతోంది. జరిగిందంతా గుమ్మంలోనే నిలబడి చెప్పింది. పురుటి నీళ్లు పోసిన చోట నేలంతా ఇసక. నీళ్లతో పాటు రూపాయి జారి ఎటో పోయింది. ఇంటిల్లిపాదీ, చుట్టుపక్కల వాళ్లూ శనివారమంతా జల్లెళ్లు పట్టుకుని ఆ ఇసక జల్లించారట. పొద్దువాలే వేళకి దొరికిందట.

“మళ్లీ ఇంకెవల సేతిలోనూ జారిపోకూడదని పొద్దున్నే అచ్యుతాపురంలో కంసాలి కాడికెల్లి రింగు అతికించి తెచ్చేనమ్మా. సిల్లు పెట్టొద్దని గట్టిగా సెప్పేను. దారం కట్టుకుని వాడుకుంటే ఇక బయం లేదు,” అని, కొత్త పసుపు దారంతో సహా రూపాయి నా అరచేతిలో పెట్టింది.

రాణీగారి కిరీటం మీద బఠాణీగింజంత వెండి ముద్ద. దాని మీద రింగు. మంటకి ఒక పక్క నల్లబడింది. రవిక పూలలో సగం కరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. పేరులో చివరి అక్షరాలు ముద్ద కిందికి పోయాయి. మాస్టారు చెయ్యి చాపి తీసుకుని, గుంటలో పెట్టి చూశారు. రింగు అంచుకి అడ్డుపడి రాణి వాలుగా, పడక్కుర్చీలో జారబడ్డట్టు నిలిచింది. మూత పడలేదు. ఆయన మెల్లగా తీసి నా చేతిలో పెట్టారు.

నేను నోరు తెరిచాను. అందులోంచి ఏం వచ్చేదో దేవుడికి తెలుసు. మంచిమాట మాత్రం కాదు. అంతలో నా వెనకనుంచి మామ్మ చెయ్యి వచ్చి ఆ రూపాయి అందుకుంది. దారం పట్టుకుని పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, కళ్లకద్దుకుంది.

“ఇన్నేళ్లూ నాకు తోచలేదు సూడు. ఎంత తెలివైనదానివే నువ్వు,” అంది పిన్నితో. “బిడ్డకి ఏం పేరెట్టేరు?”

పిన్ని చెప్పింది. లోపలికి పిలిచి అన్నం పెట్టింది మామ్మ. నన్ను కూడా పక్కన కూర్చోబెట్టింది. పిన్ని తింటూ తింటూ ఆ బిడ్డ ముక్కు గురించీ, జుట్టు గురించీ, గుక్కపట్టి ఏడవడం గురించీ చెప్పుకుపోతోంది. నేను మజ్జిగలో వేలు తిప్పుకుంటూ కూర్చున్నాను. మాస్టారు పెట్టె మూసుకుని, వేరే రాణి దొరికినప్పుడు చూద్దామని చెప్పి వెళ్లిపోయారు. ఆయన మాట తప్పలేదు. రాణే దొరకలేదు. పెట్టె నాకు రానేలేదు.

పిన్ని బస్సుకి వెళ్లాక నేను ఏడవడానికి పెరట్లోకి పరిగెత్తాను. అక్కడ నాకంటే ముందే మామ్మ ఉంది. బావి గట్టు మీద కూర్చుని, రూపాయి వేళ్ల మధ్య పట్టుకుని, బొటనవేలి గోరుతో ఆ వెండి ముద్ద అంచు గీకుతోంది. ఊడేది కాదని ఆవిడకీ తెలుసు. అయినా గీకుతోంది. కొత్త పెళ్లికూతురుగా కంసాలికి వద్దన్న రింగు అదే. నన్ను చూసి ఆపింది గానీ దాచుకోలేదు.

“నాకూ ఏడుపొచ్చిందే,” అంది. “ఆవిడ ఎదర ఏడిసేననుకో, అంతమంది రోజంతా ఇసక జల్లించింది ఏటైపోద్ది?”

 పక్కన చోటిస్తే కూర్చున్నాను. ఇద్దరం అప్పుడు తీరిగ్గా ఏడ్చుకున్నాం. అసలు ఏడవొద్దని ఆవిడ నేర్పలేదు నాకు. ఎవరి ఎదర ఏడవకూడదో నేర్పింది.

ఇప్పుడు నాకు మనవలున్నారు. మోకాళ్ల నొప్పులు వచ్చి, బయట తిరగడం తగ్గి, ఏం తోచక మళ్లీ రాజుల వెంట పడ్డాను. ఫోన్లో చూసి, వాళ్లనీ వీళ్లనీ అడిగి, నకిలీ రూపాయలు రెండుమూడు కొని మోసపోయి, చివరికి ఒక రాణితో సహా మంచివి కొన్ని చేర్చాను. పాత వెండికి ఏళ్ల మీద పట్టే ఆ నల్లటి పొర ఉంటుందే, పోగేసేవాళ్లకి అదే ప్రాణం. తోమితే విలువా పోతుంది, అందమూ పోతుంది. ఈ సంగతి మా ఆయనకి చెప్పానని అనుకున్నాను. చెప్పలేదు కాబోలు.

మొన్న ఆస్పత్రికి వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేసరికి, డైనింగ్ టేబుల్ మీద తెల్ల తువ్వాలు పరిచి ఉంది. దాని మీద నా రూపాయలన్నీ వరసగా, అప్పుడే స్టీలు కొట్లోంచి తెచ్చిన గిన్నెల్లా తళతళ మెరుస్తున్నాయి. పళ్లపొడితో తోమారాయన. పొద్దుట్నుంచీ అదే పని. వేళ్ల చివర్లు నీళ్లలో నాని ముడతలు పడ్డాయి. కళ్లజోడు మీద కూడా పళ్లపొడి మరకలు. నీ పుట్టినరోజుకి ఏం కొనాలో తెలియలేదు, అందుకని ఇది చేశాను అన్నారు. నా మొహంలోకే చూస్తున్నారు.

నేను చేతిసంచీ కింద పెట్టి, కుర్చీ లాక్కుని, ఒక్కొక్క రూపాయీ చేతిలోకి తీసుకుని చూశాను. రాజులకి ముక్కులు అరిగాయి. రాణి రవిక మీద పూలు రాలిపోయాయి.

“ఎంతసేపు కష్టపడ్డారండీ,” అన్నాను. “చెయ్యి నొప్పెట్టలేదూ?”