అన్నయ్యకి గుర్తులేని మ్యాచి

నా చిన్నప్పుడు తణుకు చుట్టుపక్కల మా ఊళ్లలో క్రికెట్ కన్నా ఫుట్‌బాలే ఎక్కువ ఆడేవారు. మా ఊరి మిషన్ హైస్కూల్లో మా నాన్నగారు డ్రిల్లు మాస్టారు. మా అన్నయ్య అక్కడే చివరి తరగతి చదువుతూ, టీములో ముందు వరసలో ఆడేవాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో ఉంటాయి. మ్యాచి ఉన్న రోజున బకెట్టుతో మంచినీళ్లు, కోసిన నిమ్మచెక్కలు పెట్టుకుని గీత బయట కూర్చోవడం నా పని. ఇంట్లో నాన్నగారూ అని పిలిచినా గ్రౌండులో మాత్రం మాస్టారూ అనే పిలవాలని ఆయన మా ఇద్దరికీ గట్టిగా చెప్పారు.

ఆ ఏడు కప్పు మ్యాచి భీమవరం వైపు నుంచి వచ్చిన స్కూలుతో పడింది. బయటి రెఫరీలు దొరికేవారు కాదు. అందుకని మొదటి సగం వాళ్ల డ్రిల్లు మాస్టారు, రెండో సగం మా నాన్నగారు విజిలు పట్టుకునేలా ఒప్పందం. ఇంకో రూలు కూడా ఉండేది. దెబ్బ తగిలినవాడు బయటికొస్తే వాడికి బదులు ఇంకొకర్ని దింపడానికి లేదు. టీము ఒక మనిషి తక్కువతోనే ఆడాలి. అందుకే కాలు బెణికినా, మోకాలు చిట్లినా పిల్లలు పైకి చెప్పేవారు కాదు.

ముందు రోజు కురిసిన వానకి గ్రౌండంతా చిత్తడిగా ఉంది. అప్పటి తోలుబంతి నీళ్లు పీల్చుకుని ఇటుకలా బరువెక్కేది. మొదటి సగంలో వాళ్లు ఒక గోలు కొట్టారు. హాఫ్ టైం అయిన కాసేపటికి మా అన్నయ్య ఒకటి కొట్టి సమం చేశాడు. ఊరు ఊరంతా ఈలలు వేసింది. తర్వాత కాసేపటికే గాల్లోకి లేచిన బంతి కోసం అన్నయ్యా, వాళ్ల కుర్రాడొకడూ ఒకేసారి ఎగిరారు. రెండు తలలూ కొట్టుకున్న చప్పుడు నా దాకా వినిపించింది.

ఆ కుర్రాడికి కనుబొమ్మ చిట్లి ముఖమంతా నెత్తురయింది. జనం అంతా వాడి చుట్టూ మూగారు. అన్నయ్య మాత్రం తనంతట తనే లేచాడు, బట్టలకంటిన బురద దులుపుకున్నాడు, పడ్డ కుర్రాడి భుజం తట్టాడు కూడా. ఒంటి మీద ఒక్క గీత లేదు. మావాళ్లంతా హమ్మయ్య అనుకున్నారు. ఆ కుర్రాడికి తువ్వాలు చింపి కట్టు కట్టేలోపు అన్నయ్య నీళ్లకోసం నా దగ్గరికొచ్చాడు.

హాఫ్ టైం అయిపోయిందా అని అడిగాడు. ఎప్పుడో అయిపోయిందన్నాను. గ్లాసుడు నీళ్లు తాగి, హాఫ్ టైం అయిపోయిందా అని మళ్లీ అడిగాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వాను. అన్నయ్య నవ్వలేదు. గ్లాసు నా చేతికిస్తూ మళ్లీ అదే ప్రశ్న, అదే గొంతుతో. నా వైపే చూస్తున్నాడు గానీ నన్ను చూస్తున్నట్టు లేదు. ఈలోగా ఆట మొదలైంది, అన్నయ్య పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

గీత దాటి లోపలికి రాకూడదని తెలిసినా ఆట మధ్యలోంచి పరుగెత్తి నాన్నగారి చెయ్యి పట్టుకున్నాను. ఆయన విజిలు ఊది ఆట ఆపేశారు. జనం గోలపెట్టారు. నాన్నగారు నన్ను కోప్పడలేదు. బురదలోనే వంగి, చెవి నా నోటి దగ్గర పెట్టి, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పమన్నారు. చెప్పాను. ఆయన నేరుగా అన్నయ్య దగ్గరికి వెళ్లారు. ఎలా ఉందని మాత్రం అడగలేదు. మామూలుగా, కబుర్లాడుతున్నట్టు, "ఇందాక మన గోలు కొట్టింది ఎవర్రా?" అన్నారు.

అన్నయ్య గోలుపోస్టు వైపు చూశాడు, మావాళ్ల ముఖాల వైపు చూశాడు. మనం ఇంకా కొట్టలేదు కదా అన్నాడు.

నాన్నగారు అన్నయ్య భుజం మీద చెయ్యివేసి బయటికి నడిపించబోయారు. అప్పుడు అన్నయ్య బతిమాలాడు. "నాకేం కాలేదు నాన్నగారూ, ఆడనివ్వండి." గ్రౌండులో అన్నయ్య ఆయన్ని అలా పిలవడం నేను ఎప్పుడూ వినలేదు.

కప్పు చేయించి ఇచ్చిన రైసుమిల్లు షావుకారు గారు కూడా లోపలికి వచ్చేశారు. ఇంకో పావుగంట ఓపిక పట్టండి, కుర్రాడు చక్కగా నిలబడే ఉన్నాడు కదండీ అన్నారు. నాన్నగారి జవాబు నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

"వాణ్ణి అడిగితే బాగానే ఉన్నానంటాడండీ. అందుకే వాణ్ణి అడగడం లేదు."

తర్వాత ఆయన అవతలి మాస్టారి దగ్గరికి వెళ్లి, మీ కుర్రాణ్ణి కూడా బయట కూర్చోబెడితే మంచిదండీ అన్నారు. ఆ మాస్టారు కట్టు కట్టించుకున్న తన కుర్రాడి వైపూ, మా అన్నయ్య వైపూ మార్చి మార్చి చూశారు. చివరికి, "మీరొకర్ని, నేనొకర్ని దింపుదాం మాస్టారూ. రూలు సంగతి తర్వాత చూసుకుందాం" అన్నారు. అలా ఆ రూలును ఇద్దరు మాస్టార్లు కలిసి పక్కన పెట్టారు.

మేం ఓడిపోయాం. చివర్లో వాళ్లే ఇంకో గోలు కొట్టారు. కన్నకొడుకని చూసుకుని ఊరి పరువు తీశాడని నాన్నగారిని బజారులో అన్నవాళ్లున్నారు. అన్నయ్య కూడా ఆ సాయంత్రం ఆయనతో మాట్లాడలేదు. కానీ ఇంటికొచ్చిన కాసేపటికే వాంతులు మొదలయ్యాయి. కారు మాట్లాడుకుని రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. తల లోపల దెబ్బ గట్టిగానే తగిలిందనీ, దాని మీద ఇంకో దెబ్బ తగిలివుంటే ఏమయ్యేదో తను చెప్పలేననీ డాక్టరుగారు అన్నారట. అన్నయ్య కోలుకోవడానికి చాలా వారాలు పట్టింది. వెలుతురు పడేది కాదు, పుస్తకం పట్టుకుంటే తలపోటు. అమ్మ కిటికీలకి పాత చీరలు కట్టింది. నాన్నగారు పక్కన కూర్చుని పాఠాలు చదివి వినిపించేవారు.

ఇప్పుడు మా మనవడు టీవీలో విదేశీ మ్యాచీలు చూస్తుంటే నేనూ కూర్చుంటాను. మొన్న ఒకతను తలకి దెబ్బ తగిలి పడిపోయాడు. డాక్టరు పరుగెత్తి వచ్చి ఏదో అడగడం, అతను తలూపడం, మళ్లీ ఆట. నేను ఉండబట్టలేక, అతన్నే అడుగుతారేంట్రా అన్నాను. కొన్నిచోట్ల తల దెబ్బకి విడిగా ఒక మనిషిని దింపుకోవచ్చని రూలు పెట్టారు అమ్మమ్మా అన్నాడు వాడు. సంతోషమే. కానీ బయటికి పంపాలో వద్దో తేల్చేది ఆ టీముకి గెలుపు కావలసినవాళ్లు కాకూడదు. ఏ టీముకీ చెందని డాక్టరు చూడాలి, తీరిగ్గా చూడాలి, చూసేంతసేపూ టీముకి మనిషి తక్కువ కాకూడదు. మనిషి తక్కువవుతాడంటే ఏ పిల్లవాడూ నిజం చెప్పడు.

నేను ఆ తర్వాత ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను. కిందపడిన పిల్లల్ని బాగానే ఉన్నావా అని ఏనాడూ అడగలేదు. పొద్దున ఏం తిన్నావు, పక్కన కూర్చునేది ఎవరు అని అడిగేదాన్ని. చిన్నపిల్ల ఎవరైనా పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంటే, ఎంత పనిలో ఉన్నా వంగి వినేదాన్ని.

మా అన్నయ్యకి ఇప్పుడు డెబ్బై దాటాయి, రామచంద్రపురంలో ఉంటాడు. ఆ మ్యాచి అతనికి ఈనాటికీ గుర్తు రాలేదు. ఫోను చేసినప్పుడల్లా, ఆ గోలు ఎలా కొట్టానో చెప్పమ్మా అంటాడు. కుడివైపు నుంచి వచ్చిన బంతిని ఎలా ఆపాడో, వాళ్ల గోల్‌కీపర్ని ఏ పక్కకి పడేలా చేశాడో మొదటినుంచీ చెబుతాను.