ఒకరోజు ముందు చెప్పాలి

ఆ వీధుల్లో ఆమెను అందరూ తాళాలక్క అనేవారు. అద్దె ఇళ్ళు చూపించడం ఆమె పని. భుజాన వేలాడే సంచిలో ముప్పై నలభై తాళంచెవులుండేవి. ప్రతిదానికీ ఒక గుడ్డముక్క కట్టి, దానిమీద అంకె మాత్రం వేసేది. చిరునామా ఎందుకు రాయవని ఎవరైనా అడిగితే, "సంచి పోయిన రోజున దొంగకి మనమే దారి చూపించినట్టవుతుంది కదా" అనేది.

పెళ్ళైన కొత్తలో ఆరేళ్ళలో ఏడిళ్ళు మారింది ఆమె. ఎక్కడ కురుస్తుంది, ఎక్కడ కుళాయి ఏడుస్తుంది, ఏ ఓనరు ఏ వంకతో లోపలికొస్తాడు అన్నీ ఆ ఆరేళ్ళలోనే తెలిసిపోయాయి. తర్వాత ఇరవయ్యేళ్ళు ఆ తెలివితోనే బతికింది.

ఆ ఏడాది వానల్లో ఒకావిడ పని నేర్చుకుంటానని వచ్చింది. నలభై రెండేళ్ళుంటాయి. నడవక కుట్టుకొట్టు మూసేసింది. తాళాలక్క ఆవిణ్ణి వెంట తిప్పుకుంటూ, నడుస్తూనే చెప్పేది.

"చూడ్డానికి వచ్చేవాళ్ళకంటే ముందు నువ్వెళ్ళు. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పు. ధార దారంలా సన్నబడితే ఆ మాట నువ్వే చెప్పు. ఈరోజు దాచింది రేపు ఫోన్ చేసి తిడుతుంది."

"మరి బాగున్నవి చెప్పొద్దా అక్కా?"

"బాగున్నవి వాళ్ళకి కనపడతాయి. వాళ్ళు చూస్తున్నంతసేపూ నోరు మూసుకుని కిటికీ దగ్గర నిలబడు. ఇల్లు నచ్చనివాళ్ళు తెగ పొగుడుతారు. నచ్చినవాళ్ళు మాట్లాడకుండా బీరువా ఎక్కడ పడుతుందో జానలతో కొలుస్తారు."

అన్నిటికంటే గట్టిగా చెప్పింది మాత్రం ఒకటే. "ఇల్లు ఓనరుదే. కానీ అద్దెకిచ్చాక ఆ గడప వాళ్ళది. ఒకరోజు ముందు చెప్పకుండా తాళం ముట్టుకోకూడదు. చెవి సంచిలో ఉన్నా సరే."

దానికో కారణం ఉంది. ఎప్పుడో ఒక ఓనరు, కుళాయి చూస్తానంటూ తన దగ్గరున్న చెవితో తలుపు తీశాడు. లోపల కొత్త కోడలు స్నానం చేసి అప్పుడే బయటికొస్తోంది. వారం తిరక్కుండా ఆ కుటుంబం ఖాళీ చేసింది. అప్పటినుంచీ తాళాలక్క రాయించే ప్రతి ఒప్పందంలోనూ ఆ షరతు ఉండేది. దాన్ని తలుచుకుంటే ఆమెకు కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఆమె ఇల్లు కుదిర్చినవాళ్ళలో గడియారాలాయన ఒకడు. డెబ్బై ఏళ్ళ ఒంటరివాడు. మూడంతస్తుల ఇంట్లో కింది రెండు గదులు తీసుకుని పదకొండేళ్ళుగా ఉంటున్నాడు. కిటికీ పక్క బల్ల మీద గడియారాలు బాగుచేసేవాడు. గోడనిండా మరమ్మతుకు వచ్చినవే కాబట్టి ఒక్కొక్కటి ఒక్కో టైము చూపించేది. "మా ఇంటికి ఆలస్యంగా రావడం కుదరదమ్మా. ఏదో ఒక గడియారం ప్రకారం నువ్వు ముందే వచ్చినట్టు" అని నవ్వేవాడు. తాళాలక్క ఆయన్ని బాబాయ్ గారూ అని పిలిచేది.

ఒక సోమవారం పొద్దున ఓనరు ఫోన్ చేశాడు. గడియారాలాయన స్నానాలగది గోడ చెమ్మెక్కుతోందట, ప్లంబర్‌ని తీసుకెళ్దామంటే ఆయన ఫోన్ ఎత్తడం లేదట. తాళాలక్క, కొత్తావిడ కలిసి వెళ్ళారు. ఎన్నిసార్లు కొట్టినా తలుపు తెరుచుకోలేదు. కిటికీకి పరదా వేసి ఉంది.

"అక్కా, చెవి ఉందిగా. ఒకసారి తీసి చూద్దామా?" అంది కొత్తావిడ.

"వద్దు. తమ్ముడి దగ్గరికి వెళ్ళుంటారు. అప్పుడప్పుడూ వెళ్తుంటారు."

ఫోన్‌కు మెసేజ్ పెట్టింది. రేపు పదకొండింటికి ప్లంబర్‌తో వస్తామని చీటీ రాసి తలుపు కిందనుంచి లోపలికి తోసింది. చీటీ అంచు కొంచెం బయటే ఉండిపోయింది.

మర్నాడు పదకొండింటికి వెళ్ళేసరికి ఆ అంచు అలాగే ఉంది. తాళాలక్క దానివంక కాసేపు చూసింది. తర్వాత సంచిలోంచి చెవి వెతికి తలుపు తీసింది.

ఆయన వంటగది గడప దగ్గర పక్కకి ఒరిగి పడున్నాడు. ఒక కాలికి చెప్పుంది. ప్లంబర్ "అయ్యో" అని వెనక్కి తగ్గాడు. తాళాలక్క వంగి ఆయన చెయ్యి ముట్టుకుని చూసింది. లేచి అంబులెన్సుకు, పోలీసులకు ఫోన్ చేసి, చిరునామా రెండుసార్లు తడబడకుండా చెప్పింది.

అంబులెన్సులో వచ్చిన డాక్టరును ఆమె ఒకటే అడిగింది. "ఎప్పుడు పోయారండీ?"

"మొన్న రాత్రి కావచ్చు, నిన్న కావచ్చు. సరిగ్గా చెప్పలేం."

కొత్తావిడ పక్కనే ఉంది. నిన్ననే తీసి ఉంటే అన్న మాట అనలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు.

తమ్ముడొచ్చి గడియారాలు పెట్టెల్లో సర్దుకుని వెళ్ళిపోయాడు. తాళాలక్క తింది, పడుకుంది, పనిలోకి వెళ్ళింది. ఆమె భర్త సిటీబస్సు డ్రైవరు. నాలుగు రోజులు ఆమెను గమనించి అడిగాడు, "ఓసారి ఏడిస్తే పోతుందేమో కదా?"

"నేనూ చూశానండీ. రావట్లేదు."

చాలాసేపు మడిచి కూర్చుంటే తిమ్మిరెక్కిన కాలులా ఉంది లోపలంతా.

ఖాళీ ఇంటికి జాబితా రాయడం కూడా ఆమె పనే. కుళాయిలు మూడు, ఒకటి కారుతోంది. మీటరు అంకె. కిటికీ గొళ్ళెం, ఒకటి లేదు. వంటగది నేల, బాగుంది. రాసి, కింది వరుసకు వెళ్ళింది.

ఓనరు రంగులు వేయించాడు. "ఎవరికీ చెప్పకమ్మా. మనిషి పోయిన ఇల్లంటే ఎవరు చేరతారు?"

"మీరూ నేనూ చెప్పకపోతే పక్కింటావిడ చెప్తుంది సార్. వాళ్ళు చేరిన మూడో రోజునే. ముందే చెప్తే ఒక మనిషి వెళ్ళిపోతాడు, అంతే. దాచాక తెలిస్తే పదిమందికి చెప్పి మరీ వెళ్తాడు."

ఓనరు గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. వచ్చినవాళ్ళందరికీ ఆమె చెప్పింది. "వేసవిలో నీళ్ళు పొద్దున మాత్రమే వస్తాయి. ఇంతకుముందు ఉన్నాయన ఈ ఇంట్లోనే పోయారు. చెత్త బండి ఎనిమిదింటికి వస్తుంది." ఏడు కుటుంబాలు వెనక్కి వెళ్ళాయి.

"అక్కా, అంత మామూలుగా ఎలా చెప్తున్నారు?" అంది కొత్తావిడ ఒకరోజు.

"ఎలా చెప్పాలి?" అంది తాళాలక్క. కోపంతో అన్నది కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

ఎనిమిదోవాడు బ్రెడ్డు కార్ఖానాలో రాత్రి డ్యూటీ చేసేవాడు. పగలు పడుకోవాలి కాబట్టి ఎండ ఏ గదిలో పడుతుందో చూసుకున్నాడు. అన్నీ విని, "ఆయన ఎన్నాళ్ళున్నాడు?" అన్నాడు.

"పదకొండేళ్ళు."

"పదకొండేళ్ళే! అయితే ఓనరు మంచోడే అన్నమాట." మంచం పట్టే చోటు జానలతో కొలవడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత తాళాలక్క ఒప్పందంలో ఇంకో షరతు చేర్చింది. ఒంటరిగా ఉండేవాళ్ళు దగ్గరివాళ్ళ నంబరు ఒకటి ఇవ్వాలి. ఒక పూటంతా ఇద్దరి ఫోనూ పలక్కపోతే, పక్కింటివాళ్ళను తోడు పెట్టుకుని తలుపు తీయవచ్చు. "అద్దెకిచ్చేది ఇల్లా, ఆసుపత్రా?" అని ఓనర్లు ఎగతాళి చేశారు. ఆమె వాదించలేదు, తీసెయ్యనూ లేదు.

రెండో ఏడాది ఆ షరతు అవసరం పడింది. ఇంకో వీధిలో ఒక ఇంటి మూడో అంతస్తులో, కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైన ఒకావిడ ఉండేది. అద్దె గురించి పొద్దుటినుంచి ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు, ఇచ్చిన చెల్లెలి నంబరూ పలకలేదు. సాయంత్రం తాళాలక్క వెళ్ళి తలుపు కొట్టింది. జవాబు లేదు. ఎదురింటాయన్ని పిలిచి, తలుపు తీసింది.

ఆవిడ హాలు మధ్యలో నిలబడి ఉంది. తలనిండా నల్లరంగు, చేతిలో దువ్వెన, రంగు చెవుల్లోకి పోకుండా దూది. కణతల మీంచి నల్లటి చారలు కారుతున్నాయి.

"ఏంటే ఇది! ఇంట్లోకి అలా దూరడమేనా?" చెవిలో దూది పీకి పారేసింది. "చెల్లెలితో గొడవై ఇద్దరం ఫోన్లు ఆపేసుకున్నాం. అది కూడా నీకు చెప్పాలా? చచ్చాననుకున్నావా?"

"అవునండీ."

"చావలేదు! కనిపిస్తున్నానా?"

"కనిపిస్తున్నారు."

ఎదురింటాయన మెల్లిగా జారుకున్నాడు. ఆవిడ ఆగలేదు. సిగ్గులేదంది, కోర్టుకీడుస్తానంది, ఏ సెక్షనో కూడా చెప్పింది. తాళాలక్క గుమ్మం దగ్గర నిలబడి వింది. వింటూ ఉండగా చెంపలు తడిశాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

ఆవిడ ఠక్కున ఆగింది. "ఏయ్, ఇప్పుడంత మాట ఏమన్నానని?"

"ఏం లేదండీ. మీరు తిట్టండి."

ఆవిడ దువ్వెన బల్లమీద పెట్టింది. "కూర్చో ముందు. తల కడుక్కొస్తాను" అని లోపలికి వెళ్ళింది.

తాళాలక్క కుర్చీలో కూర్చుంది. లోపల బకెట్టులోకి నీళ్ళు పడుతున్నాయి. ఆవిడ ఇంకా ఏదో సణుగుతోంది. సంచిలో ఫోన్ మోగింది. అవతల కొత్తావిడ, ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు గేటు దగ్గర నిలబడి ఉన్నారంది.

"ఓ పావుగంట ఆగమను. లేకపోతే నువ్వే చూపించేయ్" అంది తాళాలక్క.