ఒక్క గొంగడి కింద

కొమురమ్మ మీద నేను వేసిన నింద ఇన్నేళ్ళుగా నా లోపలే కుళ్ళుతూ ఉంది. ఎవరికీ చెప్పలేదు. సాయుధ పోరాటంలో పనిచేసిన మనిషినని నర్సింహులపేటలో నన్ను వేదిక ఎక్కించి శాలువా కప్పుతారు. కప్పిన ప్రతిసారీ నాకు ఆ గొంగడి వాసన వస్తుంది. మీరు నా ముఖం చూడటం లేదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

దళంలో ఆడవాళ్ళం ఇద్దరమే. ఇద్దరికీ కలిపి ఒకటే గొంగడి. కొమురమ్మది దంతాలపల్లి వైపు. నాకంటే చాలా పెద్దది, మొగుడు పోయిన మనిషి. ఘనపూర్ అవతలి అడవుల్లో చలికి వీపుకు వీపు ఆనించి పడుకునేవాళ్ళం. నా మడమలు పగిలి నెత్తురు కారితే తన కొంగు చింపి కట్టింది.

తర్వాత ఆమెకు ఏదో పట్టుకుంది. ఎన్ని నీళ్ళు తాగినా దూప తీరేది కాదు. నడుస్తూ నడుస్తూ చెట్టు చాటుకు పరుగెత్తేది. పళ్ళు బిగబట్టి మూలుగుతూ కూర్చుంటే చుక్క చుక్కగా వచ్చేది. నిద్రలో ఆపుకోలేకపోయేది. తడిసిన ఉన్ని, మూత్రం, జ్వరం చెమట కలిసిన కంపు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఆమె చూసేటట్టే, అటు తిరిగి పడుకునేదాన్ని. ఆమె కూర్చున్న చోట చీమలు పట్టేవి. దాన్నీ రోతగానే చూశాను, ఎందుకని ఆలోచించలేదు.

ఆమె కోసం మాటిమాటికీ ఆగాల్సి వస్తోందని దళనాయకుడు నన్ను పక్కకు పిలిచాడు.

“చెల్లె, కొమురమ్మకు ఏమైంది? పక్కన పండుకునేదానివి, నీకు ఎరుకుంటది.”

“ఎట్ల చెప్పాలె అన్నా. మొగోళ్ళతోని తిరిగితే వచ్చే రోగం లెక్కుంది.”

“నిజమేనా?”

“నా కండ్లతోని చూస్తలేనా.”

ఏం చూశాను? ఏమీ చూడలేదు. చాలా ఏళ్ళు నన్ను నేను సముదాయించుకున్నాను, చిన్నదాన్ని, తెలియదు, నిజంగానే అలా అనుకుని చెప్పి ఉంటానని. అబద్ధం. ఆమె ఎలాంటిదో నాకంటే ఎవరికి తెలుసు? నాకు కావలసింది గొంగడి. పొడి గొంగడి, నా ఒక్కదానికే. ఛీ, ఇంత నీచపు కోరిక.

దళంలో అలాంటి తప్పుకు చోటు లేదు. సాయంత్రానికల్లా ఆమెను పంపేశారు. పోతూ పోతూ నన్నే అడిగింది.

“నువ్వన్న చెప్పు చెల్లె, నేనేం తప్పు జేసిన?”

నేను గొంగడి దులుపుతూ ఉన్నాను. తలెత్తలేదు.

నింద ఆమెకంటే ముందే ఊరు చేరింది. తోడబుట్టినవాడు ఇంట్లోకి రానివ్వలేదు. గొడ్లకొట్టంలో, జ్వరంతో, ఒక్కతే పోయిందట. ఆ కబురు తెచ్చిన మనిషి చెబుతుంటే నేను ఆ గొంగడే కప్పుకుని విన్నాను.

ఇప్పుడు నాకు షుగరు. పోయిన చలికాలం మూత్రంలో మంట, చలిజ్వరం వస్తే కోడలు జనగామ దవాఖానకు తీసుకుపోయింది. షుగరు ఉన్నవాళ్ళకు మూత్రంలో తీపి దిగుతుందని, క్రిములు తొందరగా చేరతాయని, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని డాక్టరమ్మ చెప్పింది. గోలీలకే తగ్గిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి స్నానాల గదిలో చీమలు చూశాను. కొమురమ్మ కూర్చున్న చోట పట్టినవీ ఇందుకే. నా పక్కబట్టలు ఉతికేటప్పుడు కోడలు ముక్కు మూసుకోదు. మూసుకుంటే బాగుండునని ఉంటుంది.

క్షమించమని ఎవరిని అడగను? ఆమె లేదు. దళనాయకుడూ లేడు. క్షమిస్తే మాత్రం నా ఒంటి మీద నాకున్న ఈ రోత పోతుందా? ఆయన అడిగిన మాటకు జవాబు ఒక్కటే నా దగ్గర ఉండిపోయింది. అది మీకు చెబుతున్నాను.

అన్నా, కొమురమ్మకు ఉచ్చలో మంట. గంతే. నేను అబద్ధం చెప్పిన.